ఏజెన్సీ ఆదివాసుల ఆరోగ్య అంతరాలు: సామాజిక, వ్యవస్థాగత కారణాలు

ఒకే దేశంలో, ఒకే రాష్ట్రంలో, తరచు ఒకే జిల్లాలో బతికే రెండు జనసమూహాల మధ్య ఆయుర్దాయంలో, పసిపిల్లల మరణాల్లో, జబ్బుల బారిన పడటంలో, పడ్డాక వైద్యం అందడంలో ఏళ్ల తరబడి నిలిచిపోయిన తేడాను ఆరోగ్య అంతరం అంటారు. వయసు వల్లనో, శరీర ధర్మం వల్లనో కలిగే తేడాలన్నీ ఈ కోవలోకి రావు. సమాజం తన వనరులను పంచిన తీరు వల్ల ఏర్పడి, ఆ తీరు మారితే తగ్గగల తేడాలకే ఈ పేరు వర్తిస్తుంది. జనాభాలో తక్కువగా ఉండి, అధికారంలో అంతకంటే తక్కువ వాటా ఉన్న సమూహాల్లో ఈ అంతరాలు ప్రపంచమంతటా కనిపిస్తున్నాయి. 23 దేశాల్లోని 28 ఆదివాసీ, మూలవాసీ సమూహాలపై 2016లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం కూడా, దేశదేశానికీ హెచ్చుతగ్గులున్నా, ఎక్కువ చోట్ల ఈ సమూహాల ఆరోగ్యం ఇరుగుపొరుగు జనం కంటే తీసికట్టుగా ఉందనే తేల్చింది. ఈ వ్యాసం అందులో ఒక్క ఉదాహరణను, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసులను తీసుకుని, ఆ అంతరాల వెనకనున్న కారణాలను వివరిస్తుంది.

మనిషి పుట్టి, పెరిగి, పనిచేసి, ముసలివాడయ్యే పరిస్థితులను, అంటే ఇల్లు, తిండి, నీరు, చదువు, ఉపాధి, రహదారి వంటివాటిని, ప్రజారోగ్య శాస్త్రం ఆరోగ్యపు సామాజిక నిర్ణాయకాలు అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మైకేల్ మార్మట్ అధ్యక్షతన 2005లో నియమించిన సంఘం 2008లో నివేదిక ఇచ్చాక ఈ మాట ప్రభుత్వ విధాన పత్రాల్లో స్థిరపడింది. ఆ పరిస్థితులు ఎవరికి ఏ మేరకు దక్కాలో తేల్చే చట్టాలు, పాలన పద్ధతులు, భూమి హక్కులు, నిధుల కేటాయింపులు వ్యవస్థాగత కారణాల కిందికి వస్తాయి. నార్వే సమాజ శాస్త్రజ్ఞుడు యోహాన్ గాల్టుంగ్ 1969లో ప్రతిపాదించిన వ్యవస్థాగత హింస అనే భావన ఇక్కడ పనికొస్తుంది: ఫలానావాడు కొట్టాడని వేలెత్తి చూపడానికి ఎవరూ ఉండరు, దెబ్బ తగిలినవాళ్లు మాత్రం ప్రతి తరంలోనూ వాళ్లే అయి ఉంటారు.

వంశపారంపర్యమే అసలు కారణమనే వాదం పాతదే. దానికి గట్టి జవాబుగా నిలిచినవాటిలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రపు జనన వివరాలను పరిశీలించి 1997లో ప్రచురించిన అధ్యయనం ఒకటి. ఆఫ్రికాలో పుట్టి అమెరికాకు వచ్చిన నల్లజాతి స్త్రీల బిడ్డలు పుట్టుక బరువులో తెల్లజాతి స్త్రీల బిడ్డలకు దగ్గరగా ఉన్నారు. అమెరికాలోనే పుట్టి పెరిగిన నల్లజాతి స్త్రీల బిడ్డలు మాత్రం తక్కువ బరువుతో పుట్టారు. తేడా రక్తంలోనే ఉంటే ఆఫ్రికా నుంచి నేరుగా వచ్చినవారిలో అది ఇంకా ఎక్కువగా కనిపించాలి. ఈ తర్కం ఏజెన్సీకి కూడా వర్తిస్తుందనడానికి ఆధారాలు కింద కనిపిస్తాయి.

అంతరం ఎంత

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డు తెగల వారు 10.43 కోట్ల మంది, అంటే మొత్తం జనాభాలో 8.6 శాతం. కేంద్ర ఆరోగ్య, గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖలు కలిసి 2013లో డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన నియమించిన నిపుణుల సంఘం 2018లో సమర్పించిన నివేదిక, ఆదివాసీ ఆరోగ్యంపై దేశంలో వెలువడిన తొలి సమగ్ర పత్రం. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు దశాబ్దాలకు గానీ అటువంటి పత్రం రాకపోవడమే ఒక సమాచారం. 8.6 శాతంగా ఉన్న ఈ జనం దేశంలోని మలేరియా కేసుల్లో 30 శాతం, మలేరియా మరణాల్లో సగం మోస్తున్నారని, క్షయ వీరిలో లక్షకు 703 మందికి ఉంటే ఇతరుల్లో 256 మందికే ఉందని ఆ నివేదిక చెప్పింది.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పుట్టిన ప్రతి వెయ్యి మంది ఆదివాసీ పిల్లల్లో ఐదేళ్లు నిండకుండా చనిపోయినవారు 50.3 మంది; దేశ సగటు 41.9. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 40.9 శాతం (దేశ సగటు 35.5), రక్తహీనత ఉన్న స్త్రీలు 64.6 శాతం (సగటు 57). అంతరం తగ్గుతున్న మాట కూడా నిజమే. 2005–06 సర్వేలో ఐదేళ్లలోపు మరణాలు ఆదివాసుల్లో 95.7, దేశ సగటు 74.3 ఉండేవి, అప్పుడు 21 ఉన్న తేడా పదిహేనేళ్లలో 8కి దిగింది. ఈ కాలంలో ఆదివాసుల శరీర నిర్మాణం ఏమీ మారలేదు. మారింది టీకాలు, కాన్పులు, మందులు అందే ఏర్పాటు.

ఏజెన్సీ అనే ఏర్పాటు

గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీ 1839 చట్టంతో మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికి అప్పగించింది. ఏజెన్సీ అనే పేరు అలా వచ్చింది. 1874 షెడ్యూల్డు జిల్లాల చట్టం, 1935 భారత ప్రభుత్వ చట్టం, చివరికి రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఈ ప్రత్యేక పాలనను రకరకాల రూపాల్లో కొనసాగించాయి. కొండ జనాన్ని మైదానపు వడ్డీ వ్యాపారుల నుంచి కాపాడటం దీని ఉద్దేశంగా చెప్పేవారు. ఆచరణలో రెండు పరస్పర విరుద్ధమైన పనులు ఒకేసారి జరిగాయి: చట్టం రక్షణ పేరుతో ప్రాంతాన్ని వేరుచేసింది, అటవీ శాఖ 1882 మద్రాసు అడవుల చట్టంతో ఆ ప్రాంతంలోని జీవనాధారాన్నే వేరుచేసింది. ఆసుపత్రి, బడి, బాట వంటి మైదానపు వసతులు మాత్రం వెనకబడిపోయాయి. మన్యం జ్వరానికి, అంటే మలేరియాకు భయపడి ఉద్యోగులు ఈ ప్రాంతాలకు బదిలీని శిక్షగా భావించేవారు; ఆ భావన ఆ జ్వరం తగ్గాక కూడా పోలేదు.

నిజాం రాజ్యంలోని ఆదిలాబాదు అడవుల్లో కథ వేరే దారిలో నడిచి అక్కడికే చేరింది. జోడేఘాట్‌లో 1940లో కొమురం భీం మరణించిన తర్వాత గోండుల పరిస్థితిని అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను నియమించింది. భూమి పోవడం, అప్పుల్లో కూరుకుపోవడం, అటవీ సిబ్బంది వేధింపులే ఆయనకు ప్రధానంగా కనిపించాయి. ఇవన్నీ ఆరోగ్య సమస్యలే అని చెప్పే పరిభాష అప్పటికి ఇంకా పుట్టలేదు.

భూమి, అడవి, తిండి

ఏజెన్సీలో భూమి చేతులు మారడాన్ని అడ్డుకోవడానికి 1917లో ఒక చట్టం, 1959లో ఒక రెగ్యులేషన్, దాన్ని సవరిస్తూ 1970లో వన్ ఆఫ్ సెవెంటీగా పేరుపడ్డ రెగ్యులేషన్ వచ్చాయి. చివరి దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులు గిరిజనుల నుంచే కాదు, తమలో తాము కూడా కొనడానికి, అమ్ముకోవడానికి వీల్లేదు. ఇంత కఠినమైన చట్టం ఉన్నా ఏజెన్సీ భూమిలో చాలా భాగం బినామీ పేర్ల మీద, పాత తేదీల కాగితాల మీద గిరిజనేతరుల చేతుల్లో ఉండిపోయింది. భూమికీ పిల్లల ఎత్తుకూ సంబంధం దూరంగా కనిపించవచ్చు, నిజానికి దగ్గరే.

పోడు అంటే కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు పండించి, నేలను మళ్లీ అడవికి వదిలేసే సేద్యం. అందులో ఒకే పంట వేయరు. చోడి, సామ, కొర్ర, జొన్న, కంది, అనుములు కలిపి చల్లుతారు. ఒకటి పోయినా మరొకటి చేతికొస్తుంది. వానాకాలంలో గింజలు అయిపోయే రోజుల్లో అడవి దుంపలు, ఆకుకూరలు, వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు ఆ లోటు తీర్చేవి. అడవి రిజర్వు అయ్యాక పోడు తిరిగే విస్తీర్ణం కుదించుకుపోయింది, నేలకు దొరకాల్సిన విరామం తగ్గింది, దిగుబడి పడిపోయింది. ఆ ఖాళీని రేషన్ బియ్యం నింపాయి. ఆకలిని ఆపడంలో చౌక బియ్యం చేసిన మేలును తక్కువ చేయడానికి లేదు. అయితే చోడి, కంది ఇచ్చిన ఇనుము, సున్నం, మాంసకృత్తులు పాలిష్ పట్టిన బియ్యంలో అంతగా ఉండవు. విశాఖ మన్యంలో కాఫీ, మిరియాలు, పసుపు చేతికి డబ్బు తెచ్చాయి, కానీ ఆ డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, ఆకలి రోజూ వేస్తుంది. మధ్యలో సావుకారు ఉంటాడు. పంట మీద ముందే అప్పు ఇచ్చి, సంతలో తన ధరకు తూకం వేసుకునే ఈ పద్ధతిని విరగ్గొట్టడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది.

ఆదివాసీ స్త్రీలలో రక్తహీనత ఇంత ఎక్కువగా ఉండటానికి ఇనుము లోపమొక్కటే కారణం కాదు. మలేరియా ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, కాళ్లకు చెప్పుల్లేని చోట కొంకిపురుగు పేగుల్లో రక్తం తాగుతుంది, కొన్ని తెగల్లో సికిల్‌సెల్ రుగ్మత తోడవుతుంది. ఏ స్త్రీకి ఏది కారణమో పరీక్షించే వీలు లేని ఉపకేంద్రంలో అందరికీ ఒకే ఇనుము మాత్ర ఇస్తారు. మాత్ర మింగినా రక్తం పెరగకపోతే, ఆమె మింగడం లేదని రిజిస్టరులో రాసుకుంటారు.

జ్వరం

మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ తొలిసారి చూసింది 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో. ఆ చోటికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని భద్రాచలం మన్యంలో శతాబ్దం గడిచినా ఆ జ్వరం పంజా విప్పుతూనే ఉండటం వైద్య విజ్ఞానానికీ, వైద్యం అందడానికీ మధ్య ఉన్న దూరాన్ని చూపుతుంది.

ఇందులో భౌగోళిక కారణం ఉంది. కొండవాగుల్లో నెమ్మదిగా పారే తేట నీటి అంచున పెరిగే ఎనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ మనిషి రక్తాన్నే ఎక్కువగా కోరుకుంటుంది. మెదడుకెక్కి ప్రాణం తీయగల ఫాల్సిపారం రకపు మలేరియాను ఈ కొండల్లో ప్రధానంగా మోసేది ఇదే. అయితే ఇలాంటి వాగులు, ఇలాంటి దోమలు ఉన్న చోట్లన్నిటా జనం మలేరియాతో చావడం లేదు. నియంత్రణ కార్యక్రమం ఎవరి జీవితాన్ని ఊహించుకుని తయారైందనేది అసలు ప్రశ్న. దశాబ్దాలపాటు ప్రధానంగా నడిచింది ఇళ్ల గోడలకు మందు కొట్టడం: మొదట డీడీటీ, తరువాత సింథటిక్ పైరెత్రాయిడ్లు. రక్తం తాగిన దోమ గోడ మీద వాలి చస్తుందని దీని సూత్రం. కొండ గూడెంలో గోడ మట్టిది. పండగ వస్తే, ఇంట్లో పెళ్లో కాన్పో అయితే ఆడవాళ్లు ఎర్రమట్టి, పేడ కలిపి గోడలు అలుకుతారు, కొట్టిన మందు ఆ పూత కిందికి పోతుంది. పంట కోతకొచ్చే నెలల్లో, అంటే జ్వరాలు ముమ్మరంగా ఉండే కాలంలోనే, మగవాళ్లూ కొన్నిసార్లు కుటుంబాలకు కుటుంబాలూ పోడు చేనుకు కాపలాగా మంచె మీదనో, గోడలే లేని పాక కిందనో పడుకుంటారు. గోడకు కొట్టిన మందు అక్కడ ఏం చేయగలదు? కొట్టే సిబ్బందికి దుర్వాసన, మరకలు అంటూ ఎదురు చెప్పినవారిని అధికారిక పత్రాలు సహకరించనివారు అన్నాయి. గోడలు లేని నిద్రకు పథకంలో గడి లేదు.

రోగ నిర్ధారణలోనూ ఇదే జరిగింది. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి, ఫలితం తిరిగి వచ్చేసరికి వానాకాలంలో వారం పైన పట్టేది. ఫాల్సిపారం ముదరడానికి అంత కాలం అక్కర్లేదు. నిమిషాల్లో తేల్చే పరీక్ష కిట్లు, ఆర్టిమిసినిన్ ఆధారిత మిశ్రమ మందులు, మందు పట్టించిన దోమతెరలు వచ్చాక పరిస్థితి మారింది. విశాఖ మన్యానికి ఆనుకునే ఉన్న కోరాపుట్, మల్కన్‌గిరి సహా ఒడిశా కొండ జిల్లాల్లో 2017 నుంచి జ్వరం లేనివారిని కూడా గూడెం గూడెం తిరిగి పరీక్షించి, మందిచ్చి, దోమతెరలు పంచే కార్యక్రమం నడిచింది. 2017లో దాదాపు మూడున్నర లక్షలున్న ఆ రాష్ట్రపు మలేరియా కేసులు 2018లో 66 వేలకు దిగాయి. అవే కొండలు, అవే దోమలు, అదే జనం.

దూరం

వైద్య కేంద్రాల ఏర్పాటుకు దేశమంతటా జనాభా కొలమానం వాడతారు. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి, 20,000 మందికి ఒక్కొక్కటి. సడలింపు ఉదారంగానే కనిపిస్తుంది. కానీ మైదానంలో 5,000 మంది ఒక్క ఊళ్లోనే ఉండవచ్చు. గూడేనికి వంద, నూట యాభై మంది చొప్పున లెక్కేస్తే కొండల్లో 3,000 మంది అంటే ఇరవై పైచిలుకు గూడేలు, వాటి మధ్య వాగులు, గట్లు, కాలిబాటలు. ఒక్క ఏఎన్ఎం, అంటే ఉపకేంద్రంలో టీకాలు, గర్భిణుల పరీక్షలు చూసే నర్సు, ఆ గూడేలన్నిటికీ నెలకొకసారి వెళ్లిరావాలన్నా నెలలో చాలా రోజులు నడకకే పోతాయి. జనాభాకు బదులు నడక సమయాన్ని కొలమానం చేయాలన్న సూచన చాలాసార్లు వచ్చింది, పట్టాలెక్కింది తక్కువ.

బాట లేని చోట రోగిని మోసే సాధనం డోలీ. ఏడెనిమిది అడుగుల వెదురు గడకు దుప్పటినో చీరనో ఉయ్యాలలా కట్టి, రోగిని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని నడుస్తారు. భుజాలు మార్చుకోవడానికి మరో నలుగురైదుగురు వెంట ఉంటారు. నొప్పులు పడుతున్న స్త్రీ అందులో వంగి, ముడుచుకుని గంటల తరబడి కొండ దిగాలి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై దేశానికే నమూనాగా నిలిచిన 108 అంబులెన్సు తారురోడ్డు ఆగిన చోట ఆగుతుంది. ఆ మిగిలిన దారి కోసం 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో పక్కబండి అమర్చిన మోటారు సైకిళ్లను ఫీడర్ అంబులెన్సులుగా ప్రవేశపెట్టింది. కాన్పు తేదీకి ముందే గర్భిణులను కొండ దింపి ఉంచే వసతి గృహాలు మరో ప్రయత్నం. ఇంట్లో చిన్నపిల్లలను, మేకలను, చేనును వదిలి వారాల తరబడి అక్కడ ఉండటం ఏ తల్లికైనా తేలిక కాదు కాబట్టి, తోడు వచ్చినవారికి కూడా తిండి, వసతి, కూలి నష్టానికి పరిహారం ఉంటేనే అవి నిండుతాయి.

తల్లుల మరణాలను వివరించడానికి థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో మూడు జాప్యాల నమూనాను ఇచ్చారు: ఆసుపత్రికి పోవాలని నిర్ణయించుకోవడంలో జాప్యం, చేరుకోవడంలో జాప్యం, చేరాక వైద్యం అందడంలో జాప్యం. ఏజెన్సీలో ఇవి ఒకదాన్నొకటి పెంచుతాయి. పోయినసారి మోసుకుపోతే డాక్టరు లేడని, రక్తం లేదని, ఇంకో ఊరికి పంపారని గూడేనికి తెలుసు. పైగా ఉచిత వైద్యం అనేది ఆసుపత్రి గుమ్మం లోపలి మాట. జీపు బాడుగ, వెంట వచ్చినవారి భోజనం, పోయిన కూలి రోజులు, చనిపోతే శవాన్ని వెనక్కి తెచ్చుకునే ఖర్చు అన్నీ గుమ్మం బయటివి. వీటిని తూచుకుని ఇంకా ఒక పూట చూద్దామనుకునే కుటుంబాన్ని మూఢనమ్మకస్తులనడం తేలిక. మంత్రసానో, నాటు మందు ఇచ్చే దిసారో పిలిస్తే వెంటనే వస్తారు, వాళ్ల మాట అర్థమవుతుంది, డబ్బు లేకపోతే కోడినో, గింజలనో తీసుకుంటారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆసుపత్రిలో దొరకదు.

బాట ఎందుకు పడదన్నదానికి కొండను చూపిస్తారు గానీ, చాలాచోట్ల అడ్డు అటవీ అనుమతి. 2006 అటవీ హక్కుల చట్టం ఇందుకు ఒక వెసులుబాటు ఇచ్చింది: గ్రామసభ సిఫార్సు చేస్తే, బడి, వైద్యశాల, అంగన్‌వాడీ, రోడ్డు వంటి 13 రకాల వసతుల కోసం, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమిని వాడుకోవచ్చు. ఆరు మీటర్ల వెడల్పు రోడ్డు వేస్తే ఒక హెక్టారు కిలోమీటరున్నర దాటి కొంచెం దూరం వస్తుంది. చాలా గూడేలు తారురోడ్డుకు అంతకంటే దూరం.

భాష, నమ్మకం

కువి, సవర, గోండీ, కోయ, కొలామీ, ఆదివాసీ ఒడియా మాట్లాడే రోగులను తెలుగు మాత్రమే వచ్చిన సిబ్బంది పరీక్షిస్తారు. తెలుగు భాషోద్యమ నాయకుడిగా అందరికీ తెలిసిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి మాటల్లోనే చదువు చెప్పించి, 1938లో సవర నిఘంటువు వెలువరించారు. అంత మొదట్లోనే పడిన ఆ దారిలో వైద్య శాఖ నడవలేదు. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుంచి, మాత్ర ఎన్ని పూటలు వేసుకోవాలి అన్న మూడు ప్రశ్నలు సైగలతో తేలవు. గూడెం నుంచే ఎంపికైన ఆశా కార్యకర్తలు ఈ లోటును చాలావరకు తీరుస్తున్నారు. వ్యవస్థలో అందరికంటే తక్కువ ఆదాయం, అందరికంటే తక్కువ మాట చెల్లుబడి ఉన్నది కూడా వారికే. స్థానికులనే ఉద్యోగాల్లో నియమించే ప్రయత్నానికి న్యాయపరమైన చిక్కులూ ఉన్నాయి: షెడ్యూల్డు ప్రాంతాల టీచరు ఉద్యోగాలను పూర్తిగా స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

అపనమ్మకానికి మరో మూలం అనుభవం. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్‌పీవీ టీకా ఆచరణ సాధ్యతను పరిశీలించడానికి పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితోనూ రాష్ట్ర ప్రభుత్వంతోనూ కలిసి 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి ఆ టీకా వేయించింది. వారిలో చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు. కొందరు బాలికలు మరణించిన వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం లేదని విచారణ సంఘం తేల్చింది. ఆ టీకా సామర్థ్యం, భద్రత కూడా ప్రపంచవ్యాప్తంగా రుజువైనవే. తప్పు మరోచోట ఉంది. తల్లిదండ్రులు అర్థం చేసుకుని సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రాల మీద రెండున్నర వేలకు పైగా హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారని 2013 ఆగస్టు నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక తీవ్రంగా ఆక్షేపించింది. అధ్యయనానికి ఆ పిల్లలు అనువుగా కనిపించడానికి కారణం వారు ఒకేచోట, తల్లిదండ్రులకు దూరంగా, ప్రభుత్వ సంరక్షణలో ఉండటమే. ఆ తర్వాత ఆ పిల్లల గూడేలకు ఏ సూది పట్టుకెళ్లిన నర్సు అయినా ఆ సంతకాల భారాన్ని కూడా మోసుకెళ్లాల్సి వచ్చింది.

సికిల్‌సెల్

జన్యు సంబంధమైన జబ్బును కూడా సామాజిక వ్యవస్థ ఎలా మలచగలదో ఈ వ్యాధి చూపుతుంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని, భరించలేని నొప్పులు, రక్తహీనత కలిగించే ఈ రుగ్మతను భారతదేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో మొదట గుర్తించారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే జబ్బు లేకపోగా మలేరియా నుంచి కొంత రక్షణ. మలేరియా తరతరాలుగా ఉన్న చోట ఇది నిలిచిపోవడానికి కారణం అదే. పుట్టుకలో గుర్తించి, అంటువ్యాధుల నుంచి కాపాడి, హైడ్రాక్సీయూరియా వంటి మందులు క్రమం తప్పక ఇస్తే రోగులు నడివయసు దాటి బతుకుతారు. గుర్తించకపోతే ఒళ్లునొప్పుల మాత్రలతో బాల్యం ముగుస్తుంది. జన్యువు ఒక్కటే, ఫలితాలు రెండు. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్ష ఫలితం తెలిపే కార్డు పెళ్లి సంబంధాల్లో ఆడపిల్లల మీద మచ్చగా మారకుండా చూసే పని, పరీక్ష కంటే కష్టం.

లెక్కలోకి రానివారు

సగటు అంకె కొన్ని సమూహాలను దాచేస్తుంది. తెలంగాణ షెడ్యూల్డు తెగల జనాభాలో సగానికి పైగా లంబాడాలు; వారిలో చాలామంది మైదాన తండాల్లో, రోడ్డుకు దగ్గరగా ఉంటారు. రాష్ట్ర గిరిజన సగటు మెరుగైతే అది ప్రధానంగా తండాల మెరుగుదల కావచ్చు. నల్లమల చెంచులు, ఆదిలాబాదు కొలాములు, తోటీలు అదే అంకె కింద కనిపించకుండా పోతారు. నమూనా సర్వేలో ఇంత చిన్న తెగల కుటుంబాలు గణాంక నిర్ధారణకు సరిపడా దొరకవు కాబట్టి, అత్యంత బలహీన గిరిజన సమూహాలుగా ప్రభుత్వమే గుర్తించినవారి గురించే ప్రభుత్వం దగ్గర అతి తక్కువ సమాచారం ఉంటుంది.

మరణాల నమోదు అంతకంటే లోటు. 2017లో అప్పటి తూర్పు గోదావరి జిల్లా వై. రామవరం మండలంలోని చాపరాయి అనే కొండరెడ్ల గూడెంలో కొద్ది వారాల్లో 16 మంది చనిపోయిన సంగతి జూన్ నెలాఖరుకు గానీ బయటికి తెలియలేదు. అప్పటిదాకా ఏ రిజిస్టరులోనూ ఆ గూడెంలో అసాధారణమైనదేదీ లేదు. ఎవరూ చూడని చోట ఆరోగ్యం బాగున్నట్టే అంకెలు చెబుతాయి.

గుత్తికోయలది ఇంకా విచిత్రమైన స్థితి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో 2005 నుంచి మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ మద్దతుతో నడిచిన సల్వాజుడుం పేరుతోనూ, దానికి ఎదురుగానూ సాగిన హింసను తట్టుకోలేక వేల కుటుంబాలు గోదావరి వైపు అడవుల్లోకి వచ్చి, ఖమ్మం, వరంగల్ ఏజెన్సీల్లో కొత్త గూడేలు కట్టుకున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో వారు షెడ్యూల్డు తెగ. సరిహద్దు దాటాక ఆ ధ్రువపత్రం చెల్లదు. రిజర్వు అడవిలో ఉన్నారు కాబట్టి వారి నివాసం ఆక్రమణ, కాబట్టి అక్కడ బోరు వేయడానికి, అంగన్‌వాడీ కట్టడానికి అనుమతి రాదు. పాకలను అటవీ సిబ్బంది కూల్చివేస్తే గూడెం మరో వాగు ఒడ్డుకు మారుతుంది, ఆశా కార్యకర్త చేతిలోని పిల్లల టీకాల జాబితా పనికిరాకుండా పోతుంది. ఆ జాబితాను పట్టుకుని వాగులు దాటి వారి కొత్త చోటును వెతుక్కుంటూ వెళ్లే సిబ్బంది ఉన్నారు. వారు అలా వెళ్లడం వారి మంచితనం మీద ఆధారపడి ఉంది. వెళ్లకపోతే అడిగే నిబంధన ఏదీ లేదు, ఎందుకంటే కాగితం మీద అక్కడ గూడెమే లేదు.